పిట్ట రాసుకున్న ప్రశ్నలు

తొమ్మిదో వారం

పోయిన వారం బైండింగమ్మను సాక్షుల బల్ల దగ్గర నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఈ ఏడు రోజులూ ఆవిడ బల్ల అంచు పట్టుకుని అలాగే నిలబడి ఉంది.

కొత్తగా వచ్చినవాళ్ళకు రెండు ముక్కలు. బైండింగమ్మ పుస్తకాలు కుట్టి అట్టలు వేస్తుంది. ముప్ఫై నాలుగేళ్ళుగా అదే పని. ఆవిడ భర్త సిటీ బస్సు నడిపి రిటైరయ్యాడు. ఇంటా బయటా అందరికీ ఆయన డ్రైవరు తాతయ్యే. వాళ్ళకు ఒక్కతే కూతురు. లైబ్రరీలో ఉద్యోగం చేసేది. రెండేళ్ళ కిందట జబ్బుపడి, పట్టుమని ఇరవై రోజులు ఆసుపత్రిలో ఉందో లేదో, దాటిపోయింది. ఆమె కూతురు పిట్టకు అప్పుడు ఆరేళ్ళు. ఆ వారం నుంచే అల్లుడు అత్తమామలను గడప తొక్కనివ్వలేదు. పిట్టను కళ్ళకు చూపించలేదు. వాళ్ళు రాసిన ఉత్తరాలు విప్పకుండానే తిప్పి పంపాడు. బతిమాలి, మధ్యవర్తుల్ని పంపి, అన్నీ అయ్యాక ముసలివాళ్ళిద్దరూ కోర్టుకెక్కారు. మనవరాలిని చూసుకునే హక్కు మాకు ఉందో లేదో చెప్పండని అడిగారు.

అది తేలే రోజు ఇది. అల్లుడి తరఫు లాయరుది కంచులాంటి గొంతు. మైకు లేకుండానే మూడో అంతస్తుకు వినపడుతుంది. అందుకే వరండాలో అందరూ కంచు లాయరంటారు. ఆయన తాపీగా లేచి అడిగాడు.

"అమ్మా, ఆ రోజు ఆసుపత్రి వరండాలో మీ అల్లుడితో మీరొక మాటన్నారు. అదేమిటో కోర్టువారికి చెప్తారా?"

అక్కడ ఆగాం.

బైండింగమ్మ తరఫున వాదిస్తున్న చిన్న లాయరు గుండెలో రాయి పడింది. చిన్న లాయరంటే నల్లకోటు ఇంకా భుజాల దగ్గర వదులుగా ఉన్న అమ్మాయి. ఈ ప్రశ్న వస్తుందని ఆమెకు ముందే తెలుసు. నిన్న సాయంత్రం బైండింగమ్మకు పదిసార్లు చెప్పింది. "గుర్తులేదండీ అనండి. బాధలో ఏమన్నానో తెలీదండీ అనండి. అంతకుమించి ఒక్క అక్షరం వద్దు." బైండింగమ్మ కూడా సరేనని తలూపింది.

గదిలో ఫ్యాను కిరకిరలాడుతోంది. అది పెద్ద కోర్టు హాలేమీ కాదు. రెండో అంతస్తులో చివరి గది. ఒక పొడుగు బల్ల, దాని వెనక జడ్జిగారు, ఎదురుగా రెండు వరసల కుర్చీలు. జడ్జిగారు యాభై దాటిన ఆవిడ. కళ్ళజోడుకు తాడు కట్టి మెడలో వేసుకుంటారు. ముందు వరసలో అల్లుడు తల వంచుకుని కూర్చున్నాడు. అతనికి కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. తలుపు తెరుచుకుని ఎవరొచ్చినా ముందు వాళ్ళ కళ్ళల్లోకి చూడడం అతనికి అలవాటు. అలాంటివాడు ఈ రెండేళ్ళలో అత్తగారి కళ్ళల్లోకి ఒక్కసారీ చూడలేదు.

"గుర్తుందండీ," అంది బైండింగమ్మ.

చిన్న లాయరు కళ్ళు మూసుకుంది.

"చెప్పండి మరి."

"ఊళ్ళో అందరి కళ్ళూ చూస్తావు, కట్టుకున్న మనిషి చిక్కి సగమైపోతుంటే నీ కళ్ళకి కనపడలేదా అన్నాను." ఆవిడ బల్ల అంచు వదిలేసింది. "అందరూ వినేలా అన్నాను. నర్సులున్నారు, వాళ్ళ షాపులో పనిచేసేవాళ్ళున్నారు. మా పిట్ట కూడా అక్కడే ఉంది, వాళ్ళ నాన్న చెయ్యి పట్టుకుని."

కంచు లాయరు గెలిచినవాడిలా జడ్జిగారి వైపు తిరిగాడు. "చూశారు కదండీ. భార్య చనిపోయి గంట కూడా కాలేదు. కన్నబిడ్డ ముందు తండ్రిని హంతకుణ్ణి చేసి మాట్లాడిన మనిషి ఈమె. ఇలాంటివాళ్ళ దగ్గరికి పిల్లని ఎలా పంపమంటారు? నా ప్రశ్నలు అయిపోయాయి."

"నా జవాబు అవలేదండీ," అంది బైండింగమ్మ.

ఆయన కూర్చోబోయినవాడల్లా మధ్యలో ఆగాడు. జడ్జిగారు కళ్ళజోడు పెట్టుకుని "చెప్పనివ్వండి" అన్నారు.

బైండింగమ్మ జడ్జిగారితో మాట్లాడడం మానేసి, నేరుగా ముందు వరస వైపు తిరిగింది.

"బాబూ, అది పోవడానికి నెల ముందు నాకు ఫోన్ చేసింది. అమ్మా, కడుపులో ఒక పక్కన నొప్పిగా ఉంటోంది, వారం నుంచీ తగ్గట్లేదు అంది. ఆ రోజు నాకు పని మీద పడి ఉంది. కాలేజీవాళ్ళ డిక్షనరీలు మూడొందలు సాయంత్రంలోపు ఇవ్వాలి. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, దారం లాగుతూనే మాట్లాడాను. పని ఎక్కువైనట్టుంది, రెండ్రోజులు సెలవు పెట్టి పడుకోవే అన్నాను. డాక్టరు దగ్గరికెళ్ళు అన్న మాట నా నోట రాలేదు. మళ్ళీ ఫోన్ చేసి తగ్గిందా అని కూడా అడగలేదు."

వెనక వరసలో డ్రైవరు తాతయ్య కుర్చీ అంచుకు జరిగాడు. ఈ ఫోను సంగతి ఆయనకు తెలియదు.

"ముందు తెలిసింది నాకే. నీకు కాదు. ఆసుపత్రి వరండాలో ఆ మాట నన్ను నేను అనుకోవాల్సింది. అనుకోలేక నీ నెత్తిన వేశాను. రెండేళ్ళుగా నీకు చెప్దామనుకుంటున్నాను. నువ్వు తలుపు తియ్యలేదు. తీసుంటే చెప్పేదాన్నో లేదో కూడా నాకు తెలీదు, ఇప్పుడు ధైర్యంగా అంటున్నాను కానీ. తప్పు నాది బాబూ. నన్ను క్షమించమని అడుగుతున్నాను. పిల్లని చూపిస్తావని కాదు. చూపించకపోయినా ఈ మాట నీకు బాకీ."

అల్లుడు తలెత్తాడు. రెండేళ్ళలో మొదటిసారి ఆవిడ కళ్ళల్లోకి చూశాడు.  

చిన్న లాయరు కాగితాలు సర్దుకునే నెపంతో తల దించుకుంది. కేసు మునిగిందనే ఆమె అనుకుంది. ఆ గదిలో ఎవరైనా అలాగే అనుకుంటారు. తిట్టింది తనేనని ఒప్పుకుంది, పైగా కూతురి జబ్బు తెలిసీ పట్టించుకోలేదని చేజేతులా చెప్పుకుంది. కంచు లాయరుకు ఇంకేం కావాలి?

నిజానికి ఆయన అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. కానీ వండిన వంటకు ఇంకో చెంచా నెయ్యి వేద్దామనుకునే రకం ఆయన. "మా తరఫున ఒక్క సాక్షి ఉన్నారు. పిల్లను రోజూ చూసుకునే మనిషి, మా క్లయింటు తల్లిగారు" అన్నాడు.

లోపలికి వచ్చింది పెద్ద టీచరు. బైండింగమ్మకు వియ్యపురాలు, పిట్టకు నానమ్మ. నలభై ఏళ్ళు బడి నడిపి, ఎందరి చెవులు మెలేసిందో లెక్క లేదు. రిటైరై పదేళ్ళయినా ఆవిడ గదిలోకి అడుగు పెడితే కూర్చున్నవాళ్ళు సర్దుకు కూర్చుంటారు. ఆ రోజూ అంతే. గోడకు ఆనుకుని ఉన్న బిళ్ళ బంట్రోతు ఠక్కున నిటారుగా నిలబడ్డాడు. ఆవిడ చేతిలో బరువైన గుడ్డసంచి ఉంది.

"అమ్మా, మీరు పాపతోనే ఉంటారు గదా. తల్లి పోయిన దగ్గర్నుంచీ పాప ఆరోగ్యంగా, సంతోషంగా ఉండటం జరుగుతోంది, అవునా?"

"ఉండటం జరుగుతోంది ఏమిటి? ఉంటోంది అనండి," అంది పెద్ద టీచరు. "ఆరోగ్యంగా ఉంది. సంతోషం సంగతి వేరు."

ఎవరో దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. కంచు లాయరు గొంతు సవరించుకున్నాడు.

"సరే. వాళ్ళ అమ్మమ్మ, తాతయ్యల గురించి పాప ఎప్పుడైనా అడిగిందా? ఒక్కసారైనా?"

పెద్ద టీచరు కొడుకు వైపు చూసింది. తర్వాత వియ్యపురాలి వైపు చూసింది. తన పిలుపు కోసం ఇందాకటినుంచీ తలుపు బయటే కూర్చుని పెద్ద టీచరు లోపలి మాటలన్నీ వింటూనే ఉంది.

"ఒక్కసారి కాదు. రోజూ అడుగుతుంది."

"అంటే... మీరు ప్రశ్న సరిగ్గా విన్నట్టు లేదు..."

"నాకు చెముడు లేదు నాయనా. మీ గొంతుకి చెముడున్నవాళ్ళకీ వినపడుతుంది. రోజూ అడుగుతుందంటున్నాను. వాళ్ళ నాన్న ఇంట్లో లేనప్పుడు నోటితో అడుగుతుంది. ఉన్నప్పుడు రాసుకుంటుంది." ఆవిడ సంచి ఎత్తి బల్ల మీద పెట్టింది. "ఇవిగో."

సంచిలోంచి చిన్న చిన్న నోటుపుస్తకాలు బయటికొచ్చాయి. అరచేయంత పొడవు, గట్టి అట్టలు, ఒక్కోటి ఒక్కో రంగు. బైండింగమ్మ కుర్చీలోంచి లేచి వాటిని చూసింది. ప్రతి కుట్టూ ఆవిడదే. ఉత్తరాలు తిరిగొచ్చేస్తుంటే, తెల్లకాగితాల పుస్తకం పంపితే ఎవరికీ కోపం రాదులే అనుకుని నెలకొకటి కుట్టి పోస్టు చేసింది. ఒక్కటీ వెనక్కి రాలేదు. ఒక్కదానికీ జవాబు రాలేదు. చెత్తబుట్టలోకి పోయి ఉంటాయని ఎప్పుడో మనసు రాయి చేసుకుంది.

"పగలు మావాడు షాపులో ఉంటాడు. పోస్టు నేనే తీసుకుంటాను," అంది పెద్ద టీచరు. "ఇవి ఇంట్లోకి రాకూడదు, పారెయ్యమ్మా అన్నాడు. పారేశానని అబద్ధం చెప్పాను. నాకు తెల్లకాగితం పారెయ్యడం చేతకాదండీ. పిల్లకిచ్చాను. అమ్మమ్మ పంపిందనీ చెప్పాను. ఇరవై రెండు పుస్తకాలు. ఇరవై ఒకటి నిండిపోయాయి."

"అమ్మా!" అన్నాడు అల్లుడు. కుర్చీలోంచి సగం లేచాడు.

"నువ్వుండరా." ఆవిడ మళ్ళీ జడ్జిగారి వైపు తిరిగింది. "ఉన్న మాట చెప్తాను. పొద్దున ఈ సంచి తీసుకుని బయల్దేరాను గానీ తెరవాలని అనుకోలేదు. కన్నకొడుకు కదా, వాడి మీద సాక్ష్యం ఎలా చెప్పను? కానీ మా వదినగారు ఇప్పుడు తన తప్పు తనే పదిమందిలో చెప్పుకుంది. అది విన్నాక కూడా నేను సంచి మూసుకుని కూర్చుంటే, నలభై ఏళ్ళు పిల్లలకి నేను చెప్పిన పాఠాలన్నీ దండగ."

జడ్జిగారు చెయ్యి చాచారు. పైనున్న ఆకుపచ్చ అట్ట పుస్తకం అందుకుని, కళ్ళజోడు సర్దుకుని, మొదటి పేజీ చదివారు. తర్వాతి పేజీ తిప్పారు. ఇంకోటి తిప్పారు.  రెండు నిమిషాలయ్యాక తలెత్తి అల్లుణ్ణి పిలిచారు.

"ఇలా దగ్గరికి రండి. ఇవన్నీ ప్రశ్నలు. మీ అమ్మాయి రాసుకుంది. నేను చదువుతాను, జవాబు తెలిస్తే చెప్పండి. ఇది విచారణ కాదు, ఊరికే అడుగుతున్నాను. 'అమ్మ ఉడకబెట్టిన గుడ్డులో పసుపుది ముందు తినేదా, ఆఖర్న తినేదా?'"

అల్లుడు బల్ల ముందు నిలబడ్డాడు. "ఆఖర్నండీ," అన్నాడు మెల్లిగా. "దాచుకుని తినేది."

"'అమ్మకి పళ్ళు ఎన్నో ఏట ఊడాయి? క్లాసులో అందరికీ ఊడాయి. నాకు పైది ఒకటి ఊడట్లేదు.'"

"అది... నాకు తెలీదండీ."

"'నాకు నీళ్ళంటే భయం. అమ్మక్కూడా భయమా? ఉంటే ఎలా పోయింది?'"

అతను తల అడ్డంగా ఊపాడు. "ఎప్పుడూ అడగలేదు తనని. అడగొచ్చు, టైముందిలే అనుకున్నాను."

"'తాతయ్య బస్సులో అమ్మ ఏ సీట్లో కూర్చునేది?'"

"డ్రైవరు సీటు వెనకాలండీ! కిటికీ పక్కన!"

గదంతా వెనక్కి తిరిగింది. డ్రైవరు తాతయ్య లేచి నిలబడి ఉన్నాడు. కోర్టులో మాట్లాడకూడదని చిన్న లాయరు చిలక్కి చెప్పినట్టు చెప్పిన సంగతి ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది. నాలిక కరుచుకుని, "తప్పయిందండీ. జవాబు తెలిసిన ప్రశ్న వచ్చేసరికి నోరు ఆగలేదు" అని గబుక్కున కూర్చున్నాడు.

జడ్జిగారు నవ్వారు. బంట్రోతు నవ్వాడు. కంచు లాయరు సైతం మీసం కింద నవ్వుకున్నాడు. అల్లుడు నవ్వలేదు కానీ, చాలాసేపు నీళ్ళలో మునిగి పైకొచ్చిన మనిషిలా గట్టిగా ఊపిరి తీసుకున్నాడు.

జడ్జిగారు ఆఖరి పేజీ పైకి చదవలేదు. పుస్తకాన్ని తిప్పి అతని చేతికే ఇచ్చారు. అందులో ఒకే ఒక్క వాక్యం ఉంది. 'అమ్మమ్మ పుస్తకాలు పంపిస్తుంది, తను ఎందుకు రాదు, నేనేమైనా చేశానా?'

అతను అది చదివి, మళ్ళీ చదివి, పుస్తకం మూశాడు.

తీర్పు కోసం భోజనాల వేళ దాటేదాకా కాచుకున్నారు. చిన్న లాయరు గోళ్ళు కొరుక్కుంది. బైండింగమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పని లేకుండా ఆ చేతులు అంతసేపు ఊరుకోవడం డ్రైవరు తాతయ్య ఎప్పుడూ చూడలేదు. రెండింటికి మళ్ళీ పిలిచారు.

"పిల్లను పెంచే విషయంలో తండ్రి మాటకే చట్టం బరువిస్తుంది," అన్నారు జడ్జిగారు. "అమ్మమ్మా తాతయ్యలు అడగ్గానే కోర్టు పిల్లని తీసుకెళ్ళి వాళ్ళ ఒళ్ళో పెట్టదు. అయితే వాళ్ళతో కలిసి ఉండటం పిల్లకు మేలని తోస్తే, ఆ ఏర్పాటు చేసే అధికారం కోర్టుకుంది. ఇక్కడ ఒకరు తన తప్పు ఒప్పుకున్నారు. ఇంకొకరు తనకు తెలియనిది తెలియదన్నారు. ఇద్దరూ నిజమే చెప్పారు. పిల్లకి తల్లి గురించి తెలుసుకోవాలని ఉంది. చెప్పగలిగినవాళ్ళు బతికే ఉన్నారు, అరగంట బస్సు దూరంలో ఉన్నారు. ఈ శనివారం నుంచి ప్రతి శనివారం పొద్దున పదింటి నుంచి సాయంత్రం ఐదింటి దాకా పాప అమ్మమ్మగారింట్లో ఉంటుంది. తండ్రే దింపాలి, తండ్రే తీసుకెళ్ళాలి. బుధవారం ఒక ఫోను. వేసవి సెలవుల సంగతి మూడు నెలల తర్వాత చూద్దాం. పిల్ల ముందు ఒకరి గురించి ఒకరు చెడ్డ మాట అనకూడదు. ఇది ఇద్దరికీ."

చిన్న లాయరు "థాంక్యూ మేడమ్" అనడం కూడా మర్చిపోయి, నాలుగుసార్లు తలూపింది. బయటికి రాగానే వరండాలో బైండింగమ్మను కావలించుకుని ఏడ్చేసింది. అది ఆమె గెలిచిన మొదటి కేసు.

"ఊరుకో తల్లీ, గెలిచాం కదా," అంది బైండింగమ్మ ఆమె వీపు నిమురుతూ.

"నేను చెప్పింది ఒక్కటీ చెయ్యలేదండీ మీరు! గుర్తులేదనమన్నాను కదా!"

"గుర్తుంటే ఏం చెయ్యనమ్మా మరి?"

జడ్జిగారు తిరిగిచ్చిన పుస్తకాలన్నీ రెండు చేతులా పట్టుకుని అల్లుడు మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. వాళ్ళు దిగే దారి అదే. పక్కకు తప్పుకుంటాడేమో అనుకున్నారు. తప్పుకోలేదు.

"అత్తయ్యా," అన్నాడు. రెండేళ్ళ తర్వాత ఆ పిలుపు. "ఆ మాట నాకు రోజూ పొద్దున లేవగానే వినపడేది. ఇవాళ మీరన్నది విన్నాక... ఏమో. ఇంకా తెలియట్లేదు." చేతిలో పుస్తకాలు సర్దుకున్నాడు. "శనివారం పదింటికి తీసుకొస్తాను. దానికి పై పన్ను కదులుతోంది. గట్టివి పెట్టకండి."

"పెట్టం బాబూ."

అంతలో వెనకనుంచి పెద్ద టీచరు వచ్చింది, ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని. అల్లుడు తల్లి మొహం వైపు చూడకుండా మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆవిడ నడుం వంచకుండా, అదే నడకతో, అతని వెనకే దిగింది.

ఇంటికి వెళ్ళే బస్సులో డ్రైవరు తాతయ్య చాలాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. మలుపు వచ్చినప్పుడల్లా అలవాటుగా కుడికాలితో లేని బ్రేకు నొక్కుతూ ఉన్నాడు. నాలుగు స్టాపులు దాటాక అన్నాడు.

"ఫోను సంగతి నాకు చెప్పొచ్చు కదే."

"ఏమని చెప్పనండీ?"

"చెప్పుంటే సగం నేను మోసేవాణ్ణి కదా. రెండేళ్ళు ఒక్కదానివే మోశావు."

బైండింగమ్మ ఆయన భుజం మీద తల పెట్టి, బస్సు నిండా జనం ఉన్నారని కూడా చూసుకోకుండా, కూతురు పోయిన తర్వాత మొదటిసారి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆయన ఆవిడ చెయ్యి పట్టుకుని, దిగాల్సిన స్టాపు దాటిపోయినా లేవలేదు.

శనివారం వచ్చింది. వాళ్ళ ఇల్లూ బైండింగు గదీ ఒకటే, ప్రింటింగ్ ప్రెస్ మీద మేడ. కిందన మిషన్లు తిరుగుతుంటే పైన నేల సన్నగా వణుకుతూ ఉంటుంది. గోడల పొడవునా కాగితాల దొంతరలు, కిటికీ దగ్గర అట్టలు అదిమే పెద్ద ఇనుప ప్రెస్సు, మధ్యలో కుట్టు బల్ల. ఆ పొద్దున ఆ బల్లను మూడుసార్లు తుడిచారు. తొమ్మిదింటికే డ్రైవరు తాతయ్య మెట్ల మీద కాపలా కూర్చున్నాడు.

పదింటికి ఐదు నిమిషాలుండగా పిట్ట వచ్చింది. తండ్రి కింది మెట్టు దగ్గరే ఆగిపోయాడు. ఆమె ఒక్కతే మెట్లెక్కింది, భుజాన సంచి, చేతిలో పెన్సిలు. అమ్మమ్మా తాతయ్యా గుమ్మంలో నిలబడి చూశారు. పొడుగైంది. జడలు పోయి, జుట్టు భుజాల దాకా కత్తిరించి ఉంది. నుదురు అచ్చంగా తల్లిదే.

పిట్ట ఏడవలేదు, పరిగెత్తుకు రాలేదు. గదంతా ఒకసారి కలయజూసి, గట్టిగా ముక్కు ఎగబీల్చింది.

"జిగురు వాసన. నా పుస్తకాల వాసన ఇదే," అంది. ఆ తర్వాత అమ్మమ్మ నడుం పట్టుకుని, అలాగే చాలాసేపు వదల్లేదు.

తర్వాత పని మొదలైంది. సంచిలోంచి పుస్తకాలు తీసి వరసగా పెట్టింది. "ఇందులో మూడొందల పధ్నాలుగు ప్రశ్నలున్నాయి. కొన్ని రెండుసార్లు రాశాను. ఎవరికి తెలిస్తే వాళ్ళు చెప్పండి. ఒకళ్ళ మాటకి ఒకళ్ళు అడ్డం రాకండి."

"అచ్చం వాళ్ళ నానమ్మే," అని గొణిగాడు తాతయ్య.

"అమ్మకి పళ్ళు?"

"ఏడో ఏట," అంది బైండింగమ్మ. "పైవి రెండూ ఒక్కసారే. బడి గేటుకి గుద్దుకుంది. నెల రోజులు నవ్వమంటే నోరు మూసుకుని నవ్వేది."

"నీళ్ళంటే?"

"చచ్చేంత భయం. పదకొండేళ్ళొచ్చేదాకా మోకాలు తడవనిచ్చేది కాదు. ఒకరోజు తన చెప్పు నీళ్ళలో కొట్టుకుపోయింది. కొత్త చెప్పు. భయం సంగతి మర్చిపోయి దూకేసింది."

"చెప్పు దొరికిందా?"

"దొరికింది. పట్టుకుని బయటికొచ్చాక గుర్తొచ్చింది, తనకి భయమని. అప్పుడు ఏడ్చింది."

పిట్ట పకపకా నవ్వింది. నవ్వుతుంటే ఊగుతున్న పన్ను కనిపించింది. ప్రతి జవాబు కిందా పెన్సిలుతో టిక్కు పెట్టుకుంటూ పోయింది. అమ్మకు లెక్కలు రావని తెలిసి తెగ సంతోషించింది. మధ్యాహ్నానికి నలభై రెండు ప్రశ్నలయ్యాయి. ఆ తర్వాత అమ్మమ్మ పక్కన ఎత్తు పీట వేసుకుని, సూదిలో దారం ఎక్కించి, కాగితాలు కుట్టడం మొదలుపెట్టింది. కుట్టు వంకరగా పోయింది. బైండింగమ్మ విప్పమనలేదు.

రెండున్నర అయింది. ఎవరో తలుపు తట్టారు. అప్పుడే తండ్రి వచ్చేశాడేమోనని పిట్ట మొహం చిన్నబోయింది. తాతయ్య వెళ్ళి తీశాడు.

గుమ్మంలో పెద్ద టీచరు. చేతిలో పెద్ద పెట్టె. మెట్లన్నీ దాన్ని తనే మోసుకొచ్చినట్టుంది, చెమటతో మొహం ఎర్రబడింది.

"నానమ్మా! ఊరెళ్తున్నావా?"

"లేదే. ఇటే వచ్చాను." ఆవిడ తాతయ్య వైపు చూసింది. "లోపలికి రావచ్చా అన్నయ్యగారూ?"

"అయ్యో, అదేం మాటమ్మా, రండి." ఆయన పెట్టె అందుకున్నాడు.

బైండింగమ్మ కుర్చీ లాగింది. పిట్టకు వినపడకుండా కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి అడిగింది. "ఏమైంది వదినగారూ?"

"ఏముంది? కోర్టు నుంచొచ్చి నాలుగు రోజులు వాడు నాతో మాట్లాడలేదు. ఇవాళ పిట్టని దింపి ఇంటికొచ్చి, నిన్ను నమ్మి ఇల్లంతా నీ చేతిలో పెట్టాను, రెండేళ్ళు నాకు అబద్ధం చెప్పావు, ఇంక మనం ఒక ఇంట్లో ఉండలేం అన్నాడు. నెలాఖరులోపు వేరే ఇల్లు చూస్తానన్నాడు. నెలాఖరు దాకా ఎందుకురా, గంట చాలు అన్నాను. వాడు షాపుకెళ్ళి వచ్చేలోపు సర్దేసుకున్నాను." ఆవిడ గొంతు ఎప్పటిలాగే గట్టిగా ఉంది కానీ, కళ్ళజోడు తీసి ఒకే అద్దాన్ని మళ్ళీ మళ్ళీ తుడిచింది. "పంతానికి పోయి వచ్చేశాను గానీ, మెట్లెక్కుతుంటే తట్టింది. రేపటినుంచి దానికి పొద్దున జుట్టు దువ్వేదెవరు? నేను దాన్ని చూడాలంటే ఎవర్ని అడగాలి?"

బైండింగమ్మ ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అందుకే వచ్చాను," అంది పెద్ద టీచరు కళ్ళజోడు పెట్టుకుంటూ. "ఆ కోటు వదులు పిల్ల, మీ చిన్న లాయరు, ఇంకో కేసు తీసుకుంటుందా?"

బైండింగమ్మ జవాబు చెప్పేలోపు కింద ప్రెస్సు మిషన్లు ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించింది. రెండేసి మెట్లు ఎక్కుతూ ఎవరో పరుగున వస్తున్నారు.

"అమ్మా!" అల్లుడి గొంతు. "అమ్మా, ఇక్కడున్నావా?"

అది తగువుకు వచ్చిన గొంతో, వెతుక్కుంటూ వచ్చిన గొంతో ముగ్గురు పెద్దవాళ్ళలో ఒక్కరికీ అంతుపట్టలేదు. పెద్ద టీచరు, జీవితంలో ఎవరికీ జడవని మనిషి, వియ్యపురాలి వెనక్కి జరిగింది. బైండింగమ్మ చీరకొంగుతో చేతులు తుడుచుకుని తలుపు వైపు నడిచింది.